ట్యాబ్‌కు కీబోర్డు, ఇయర్‌బడ్స్ కనెక్ట్ కానప్పుడు ఏమి చూడాలి, ఏ వరుసలో చూడాలి

వైర్‌లెస్ కీబోర్డో, మౌసో, ఇయర్‌బడ్సో ట్యాబ్‌కు కనెక్ట్ కాకపోతే చాలామంది మొదట బ్లూటూత్‌ను నాలుగైదుసార్లు ఆపి మళ్లీ ఆన్ చేస్తారు. అప్పటికీ దారికి రాకపోతే ట్యాబ్‌ను పూర్తిగా రీసెట్ చేసేస్తారు. మొదటి పని సాధారణంగా చాలదు, రెండవదానితో దాదాపు ఎప్పుడూ అవసరం ఉండదు. ఈ రెండింటికీ మధ్య చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి, వాటిని వరుస తప్పకుండా చేసుకుంటూ వెళ్తే చాలా సందర్భాలలో ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా పని జరిగిపోతుంది. లోపం పరికరంలో ఉండవచ్చు, ట్యాబ్‌లో ఉండవచ్చు, రెండింటి మధ్య గాలిలోనూ ఉండవచ్చు కనుక, ఎక్కడుందో తేల్చకుండా సెట్టింగ్స్ మారుస్తూ పోతే, చివరికి ఏది మార్చినందువల్ల బాగుపడిందో, ఏది మార్చినందువల్ల పాడైందో మీకే తెలియని పరిస్థితి వస్తుంది.

విశాఖపట్నంలోని ద్వారకానగర్ రీడింగ్ హాళ్లలో ట్యాబ్ ముందు కూర్చుని పోటీ పరీక్షలకు చదివేవారినీ, ఎం.వి.పి. కాలనీ వంటి చోట్ల అపార్ట్‌మెంట్లలో ఇంటి నుంచి ఆన్‌లైన్ క్లాసులు చెప్పేవారినీ దృష్టిలో పెట్టుకుని దీన్ని రాస్తున్నాను. ఇతర ఊళ్లవారికి కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది. అయితే సముద్రపు గాలి వల్ల వచ్చే తుప్పు సంగతి మాత్రం విశాఖపట్నంలో ఉండేవారు కాస్త శ్రద్ధగా చదవాలి.

ఇబ్బంది ఏ రకమో ముందు తేల్చుకోండి

కనెక్ట్ కావడం లేదని మనం అనే మాట కింద నాలుగు వేర్వేరు ఇబ్బందులు ఉంటాయి. ట్యాబ్ జాబితాలో పరికరం పేరే కనిపించకపోవడం మొదటిది. పేరు కనిపించినా, దాన్ని తాకితే జత కాకుండా మొరాయించడం రెండవది. జత అయి కాసేపు సవ్యంగా పనిచేసి తెగిపోతూ ఉండటం మూడవది. స్క్రీన్ మీద కనెక్టెడ్ అని కనిపిస్తూనే శబ్దం రాకపోవడం, అక్షరాలు పడకపోవడం నాలుగవది. పేరు కనిపించకపోతే ముందుగా పరికరాన్ని అనుమానించాలి. జత కాకపోతే పాత జత తాలూకు సమాచారాన్ని, తెగిపోతూ ఉంటే బ్యాటరీనీ చుట్టుపక్కల ఉన్న ఇతర రేడియో సంకేతాలనూ, కనెక్ట్ అయినా పని చేయకపోతే సెట్టింగ్స్‌ను చూడాలి.

ఇంకా ముందే చూడవలసిన సంగతి ఒకటుంది. మీ పరికరం అసలు బ్లూటూత్‌తో పనిచేసేదేనా? కంప్యూటర్ల కోసం అమ్మే వైర్‌లెస్ కీబోర్డులు, మౌస్‌లలో చాలావాటికి పెట్టెలో చిన్న యూఎస్‌బీ రిసీవర్ వస్తుంది. అవి ఆ రిసీవర్‌తో మాత్రమే మాట్లాడతాయి కనుక ట్యాబ్ బ్లూటూత్ జాబితాలో ఎంత వెతికినా కనిపించవు. పెట్టె మీద 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ అని మాత్రమే ఉండి బ్లూటూత్ గుర్తు లేకపోతే అది ఈ రకమే. దాన్ని ట్యాబ్‌తో వాడాలంటే ఆ రిసీవర్‌ను ఓటీజీ అడాప్టర్ ద్వారా ట్యాబ్ ఛార్జింగ్ పోర్టుకు తగిలించాలి. రెండు విధాలుగానూ పనిచేసే పరికరాలు కూడా ఉన్నాయి. వాటి అడుగున చిన్న స్విచ్ ఉంటుంది, దాన్ని బ్లూటూత్ వైపు జరపడం మరవకండి.

ఛార్జి, బ్యాటరీ, తుప్పు

దీపం వెలుగుతోంది కాబట్టి బ్యాటరీ బాగానే ఉందని అనుకోకూడదు. చిన్న దీపం వెలగడానికి సరిపోయే శక్తి, రేడియో సంకేతాన్ని నిలకడగా పంపడానికి సరిపోకపోవచ్చు. ఛార్జి చేసుకునే పరికరమైతే కనీసం అరగంట ఛార్జింగ్‌లో ఉంచి, ఆ తర్వాతే మిగతా పరీక్షలు మొదలుపెట్టండి. ఇయర్‌బడ్స్ విషయంలో కేసు నిండుగా ఛార్జి అయినా, లోపలి బడ్స్‌లో ఒకటి ఎక్కకుండా ఉండిపోవడం తరచుగా జరుగుతుంది. బడ్ మీద, కేసు గుంటలో ఉండే చిన్న లోహపు బిందువుల మీద చెమట, చెవి గులిమి పేరుకుపోవడమే సాధారణంగా దీనికి కారణం. వాటిని పొడి కాటన్ బడ్‌తో తుడిచి, కేసులో పెట్టగానే బడ్ మీద గానీ కేసు మీద గానీ దీపం వెలుగుతోందో లేదో గమనించండి.

సెల్స్ వేసుకునే కీబోర్డు, మౌస్ విషయంలో విశాఖవాసులకు అదనపు చిక్కు ఒకటుంది. బీచ్ రోడ్డు పక్కనా, లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు వంటి చోట్లా కిటికీ గ్రిల్స్‌ను తినేసే ఉప్పుగాలే ఈ పరికరాల సెల్స్ అరలోకీ చేరుతుంది. మూత తీసి, సెల్స్ బయటకు లాగి, లోపలి స్ప్రింగును వెలుతురులో చూడండి. స్ప్రింగు చుట్ల మధ్య ఆకుపచ్చటి పొర కనిపిస్తే అది లోహం తుప్పు. తెల్లటి పొడి గట్టిపడి అంటుకుని ఉంటే పాత సెల్ కారిపోయిందని అర్థం. రెండింటిలో ఏదున్నా కరెంటు ఒకసారి అంది, ఒకసారి అందక, పరికరం తానంతట తానే ఆగి మళ్లీ మొదలవుతుంది. అది మనకు కనెక్షన్ తెగిపోతున్నట్టు కనిపిస్తుంది.

ఆల్కలైన్ సెల్ నుంచి కారేది క్షారం కనుక, కాటన్ బడ్‌ను రెండు చుక్కల వెనిగర్‌తో గానీ నిమ్మరసంతో గానీ తడిపి ఆ తెల్లటి పొడి మీద మెల్లగా రుద్దితే అది కరుగుతుంది. చేతికి తొడుగు ఉంటే మంచిది, ఆ చేతితో కన్ను నలుపుకోకూడదు. ద్రవం లోపలి సర్క్యూట్ వైపు జారకుండా పరికరాన్ని వంచి పట్టుకోండి. తర్వాత మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, రెండు కొత్త సెల్స్‌ను ఒకేసారి వేయండి. పాతదొకటి, కొత్తదొకటి కలిపి వేస్తే సెల్స్ త్వరగా కారే ప్రమాదం ఉంది. రీఛార్జబుల్ సెల్స్ వాడేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి: మామూలు సెల్ 1.5 వోల్టులు ఇస్తే నికెల్ రకం రీఛార్జబుల్ సెల్ ఇచ్చేది 1.2 వోల్టులే, అందువల్ల కొన్ని కీబోర్డులు ఛార్జి ఉండగానే బ్యాటరీ అయిపోయిందని చెబుతాయి. వాడకుండా నెలల తరబడి పక్కన పెట్టే పరికరంలో సెల్స్ ఉంచకపోవడమే మేలు.

ఆ పరికరం ఇప్పుడు ఎవరితో జతగా ఉంది?

అన్నిటికంటే ఎక్కువగా దొరికే కారణం ఇదే, అందరూ ఆఖరున చూసేదీ ఇదే. పరికరం పాడు కాలేదు, ట్యాబ్ పాడు కాలేదు, ఆ పరికరం ఇంట్లో మరొకదానికి ఇప్పటికే కనెక్ట్ అయి ఉంది, అంతే. నిన్న మీ అబ్బాయి మీ ఇయర్‌బడ్స్‌ను తన ఫోనుకు కలుపుకుని పాటలు విన్నాడనుకోండి. ఈరోజు మీరు కేసు మూత తీయగానే అవి పక్క గదిలో ఉన్న ఆ ఫోనును వెతికి పట్టుకుంటాయి. ఒకసారి ఒకచోట కనెక్ట్ అయిన చాలా పరికరాలు కొత్తగా వెతికేవారికి కనిపించవు కనుక మీ ట్యాబ్ జాబితాలో వాటి పేరు రాదు, లేదా పేరు వచ్చినా తాకితే కనెక్ట్ కావు.

కాబట్టి ఇంట్లోని ఫోన్లు, ల్యాప్‌టాప్, స్మార్ట్ టీవీ, వీలైతే కింద పార్కింగ్‌లో ఉన్న కారు స్టీరియోతో సహా, ఆ పరికరంతో ఎప్పుడైనా జత అయిన ప్రతిదానిలోనూ బ్లూటూత్‌ను పది నిమిషాల పాటు ఆపించండి. ఆ తర్వాత పరికరాన్ని ఆఫ్ చేసి ఆన్ చేసి, ట్యాబ్‌లో చూడండి. ఇప్పుడు కనెక్ట్ అయితే సమస్య ఏమిటో తెలిసిపోయినట్టే. ఐఫోన్, ఐప్యాడ్ ఉన్న ఇళ్లలో ఒక మెలిక ఉంది. స్క్రీన్ పైన కుడి మూల నుంచి కిందికి (హోమ్ బటన్ ఉన్న ఐఫోన్లలో కింది అంచు నుంచి పైకి) లాగితే వచ్చే కంట్రోల్ సెంటర్‌లో బ్లూటూత్ గుర్తును తాకితే బ్లూటూత్ పూర్తిగా ఆగదు, పరికరాలు విడిపోతాయంతే, అదీ మర్నాడు ఉదయం 5 గంటల వరకే. పూర్తిగా ఆపాలంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అక్కడి బ్లూటూత్ పేజీలో స్విచ్ ఆఫ్ చేయాలి. ఎయిర్‌పాడ్స్ మీ ఐప్యాడ్‌ను వదిలి ఐఫోనుకు గెంతుతూ ఉంటే, అవి ఐఫోనుకు కనెక్ట్ అయి ఉన్నప్పుడు ఆ ఐఫోన్ సెట్టింగ్స్‌లో వాటి పేరు తెరిచి, కనెక్ట్ టు దిస్ ఐఫోన్ అన్నచోట ఆటోమేటిక్‌గా కాకుండా, చివరిసారి ఈ ఐఫోనుకే కనెక్ట్ అయి ఉంటే అనే ఎంపికను పెట్టుకోండి. ఐఫోన్‌ను వదిలి ఐప్యాడ్‌కు గెంతుతూ ఉంటే, ఐప్యాడ్‌లో ఇదే మార్పు చేయాలి.

మూడు యంత్రాలకు కలిపే వీలున్న కీబోర్డులలో పై వరుసన 1, 2, 3 అంకెలున్న ప్రత్యేకమైన మీటలు ఉంటాయి. ఒక్కో అంకె ఒక్కో యంత్రానికి కేటాయింపు. తుడిచేటప్పుడో, సంచిలో పెట్టేటప్పుడో 2 నొక్కుకుపోతే, కీబోర్డు మీ ఆఫీసు ల్యాప్‌టాప్‌ను వెతుకుతూ కూర్చుంటుంది, ట్యాబ్ ఎదురుగానే ఉన్నా పట్టించుకోదు. మీ ట్యాబ్ ఏ అంకెకు కేటాయించారో గుర్తు లేకపోతే మూడింటినీ ఒక్కొక్కటిగా ఒక్కసారి నొక్కి చూడండి. ఇక్కడ అంకెను నొక్కి పట్టుకోవద్దు. నొక్కి పట్టుకుంటే ఆ స్థానం కొత్త జత కోసం తెరుచుకుంటుంది.

రీడింగ్ హాల్లో మరో చిక్కు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ ఇయర్‌బడ్స్ పక్కపక్క కుర్చీలలో ముగ్గురి దగ్గర ఉంటే, మీ ట్యాబ్ జాబితాలో ఒకే పేరు మూడుసార్లు కనిపించవచ్చు. మీరు తాకింది పక్కవారిది కావచ్చు. మొదటిసారి జత చేసే పనిని ఇంట్లోనే ముగించుకుని, వీలుంటే ట్యాబ్‌లో దాని పేరు మార్చి మీ పేరుతో పెట్టుకుంటే హాల్లో ఈ తికమక ఉండదు.

పాత జతను రెండు వైపులా చెరిపి, కొత్తగా జత చేయడం

రెండు పరికరాలు మొదటిసారి జత అయినప్పుడు వాటి మధ్య ఒక రహస్య సంకేతం తయారవుతుంది, దాన్ని రెండూ దాచుకుంటాయి. తర్వాతి నుంచి దాన్ని చూపించే ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. ట్యాబ్‌ను రీసెట్ చేసినప్పుడో, కొన్నిసార్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాతో, కీబోర్డులో అదే స్థానానికి వేరే యంత్రాన్ని కలిపినప్పుడో ఒకవైపు సంకేతం పోయి, మరోవైపు పాతదే మిగిలిపోతుంది. తాళం మార్చేసిన ఇంటి తలుపును పాత తాళంచెవితో తెరవబోయినట్టే ఇదీ. ఎన్నిసార్లు ప్రయత్నించినా తలుపు తెరుచుకోదు. కాబట్టి చెరపడం రెండు వైపులా జరగాలి.

ఈ క్రమంలో చేయండి. ఐప్యాడ్‌లో సెట్టింగ్స్, బ్లూటూత్ తెరిచి, పరికరం పేరు పక్కనున్న ఐ గుర్తును తాకి, ఫర్గెట్ దిస్ డివైస్ ఎంచుకోండి. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో కనెక్టెడ్ డివైసెస్ లేదా కనెక్షన్స్ పేజీలో పరికరం పక్కనున్న చక్రం గుర్తును తాకితే ఫర్గెట్ అనో, అన్‌పెయిర్ అనో కనిపిస్తుంది. తర్వాత పరికరం వైపు ఉన్న జ్ఞాపకాన్ని కూడా చెరపాలి. ఇది ఒక్కో పరికరానికి ఒక్కో విధంగా ఉంటుంది, పెట్టెతో వచ్చిన చిన్న కాగితంలో ఆ పద్ధతి రాసి ఉంటుంది. వెనుక బటన్ ఉన్న ఎయిర్‌పాడ్స్ కేసు అయితే, వాటిని కేసులో పెట్టి, మూత తెరిచి, బటన్‌ను సుమారు 15 సెకన్లు నొక్కి ఉంచితే దీపం పసుపు రంగులో మెరిసి ఆ తర్వాత తెల్లగా మెరుస్తుంది. ఆ తర్వాత ట్యాబ్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయండి. స్క్రీన్ ఆపి వేస్తే రీస్టార్ట్ అయినట్టు కాదు, పవర్ మెనూ నుంచి పూర్తిగా ఆపి తిరిగి ఆన్ చేయాలి.

ఇప్పుడు పరికరాన్ని పెయిరింగ్ మోడ్‌లో పెట్టాలి. ఊరికే ఆన్ చేస్తే చాలదు. ఆన్ చేసినప్పుడు అది పాత స్నేహితులను మాత్రమే వెతుకుతుంది, పెయిరింగ్ మోడ్‌లోనే కొత్తవారికి కనిపిస్తుంది. సాధారణంగా బ్లూటూత్ గుర్తున్న బటన్‌ను, లేదా కీబోర్డులో అంకె మీటను, కొన్ని సెకన్లు వదలకుండా నొక్కి ఉంచితే దీపం గబగబా మెరవడం మొదలవుతుంది. ఆ వేగమే గుర్తు. నెమ్మదిగా మెరుస్తూ ఉంటే ఇంకా పాతవారినే వెతుకుతోందన్నమాట. కొద్ది నిమిషాలలో ఈ మోడ్ దానంతట అదే ఆగిపోతుంది కనుక, ముందుగా ట్యాబ్‌లో బ్లూటూత్ పేజీని తెరిచి ఉంచుకుని, ఆ తర్వాతే బటన్ నొక్కండి. ఐప్యాడ్ అయినా, ఆండ్రాయిడ్ అయినా ఆ పేజీ తెరిచి ఉన్నంతసేపే కొత్త పరికరాల కోసం చురుకుగా వెతుకుతుంది.

కీబోర్డు జత చేస్తున్నప్పుడు ట్యాబ్ స్క్రీన్ మీద కొన్ని అంకెలు కనిపించవచ్చు. వాటిని కొత్త కీబోర్డు మీదే, దానికి స్క్రీన్ మీద ఏమీ కనిపించకపోయినా, వరుసగా కొట్టి ఎంటర్ నొక్కాలి. చాలామంది అంకెలు కొట్టి, ఎంటర్ నొక్కకుండా ఆగిపోతారు. కాసేపటికి ట్యాబ్ జత కాలేదని చెబుతుంది, తప్పేమో కీబోర్డుదనుకుంటారు.

ట్యాబ్ వైపు చూడవలసినవి

ఇక్కడ సంగతులు తక్కువే. ఏరోప్లేన్ మోడ్, బ్యాటరీ సేవర్ ఆపి ఉన్నాయో లేదో చూడండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చి ఆగి ఉంటే వేయండి. ఫిట్‌నెస్ బ్యాండ్లు, బీపీ మెషీన్ల వంటి కొన్ని పరికరాలను బ్లూటూత్ పేజీ నుంచి కాకుండా వాటి సొంత యాప్ నుంచే జత చేయాలి. ఆ యాప్‌కు అనుమతి లేకపోతే అది గుడ్డిగా వెతుకుతూనే ఉంటుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి ఈ అనుమతిని నియర్‌బై డివైసెస్ పేరుతో విడిగా అడుగుతున్నారు. అంతకు ముందు వెర్షన్లున్న ట్యాబ్‌లలో ఇలాంటి యాప్‌లు పరికరాలను వెతకాలంటే లొకేషన్ ఆన్‌లో ఉండాలి, లొకేషన్ అనుమతి కూడా ఇచ్చి ఉండాలి. లొకేషన్‌కూ బీపీ మెషీన్‌కూ సంబంధం ఏమిటని అనుమతి నిరాకరించడం సహజమే, కానీ పాత ట్యాబ్‌లో అదే అడ్డంకి. ఐప్యాడ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, బ్లూటూత్ అనే వరుసలో వెళ్తే ఏ యాప్‌కు అనుమతి ఉందో కనిపిస్తుంది.

గాలిలో రద్దీ

కనెక్షన్ తెగిపోతూ, శబ్దం ముక్కలు ముక్కలుగా వస్తూ ఉంటే, బ్యాటరీ బాగుందని తేలిన తర్వాత చూడవలసింది పరిసరాలనే. బ్లూటూత్ పనిచేసేది 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో (బ్యాండ్‌లో), ఇంకా కచ్చితంగా చెప్పాలంటే 2.402 నుంచి 2.480 గిగాహెర్ట్జ్ వరకు. వైఫై రౌటర్ పాత పట్టీ, మైక్రోవేవ్ ఓవెన్, రిసీవర్‌తో పనిచేసే మౌస్‌లు, ఇంటి సీసీ కెమెరాలు కొన్ని, ఇవన్నీ అక్కడే ఉంటాయి. క్లాసిక్ బ్లూటూత్ ఈ రద్దీని తప్పించుకోవడానికి 79 ఛానెళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతుంది, 2003లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచి రద్దీగా ఉన్న ఛానెళ్లను గుర్తించి వాటిని వదిలేసే తెలివి కూడా దానికి ఉంది. అయితే నగరంలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో, పై ఫ్లాటు, కింది ఫ్లాటు, ఎదురు ఫ్లాటు రౌటర్లన్నీ కలిసి ఆ పట్టీని నింపేస్తే గెంతడానికి ఖాళీ ఛానెళ్లే మిగలవు.

దీన్ని నిర్ధారించుకోవడం తేలిక. ట్యాబ్‌నూ, పరికరాన్నీ పట్టుకుని మేడ మీదకు వెళ్లి, ముందే డౌన్‌లోడ్ చేసుకున్న పాటో, వీడియోనో పది నిమిషాలు నడపండి. సాయంత్రం ఆర్.కె. బీచ్‌కు వెళ్లే అలవాటు ఉంటే జనం తక్కువగా ఉన్న చోట ఇసుకలో కూర్చునీ చూడవచ్చు, ఇసుక మాత్రం ఛార్జింగ్ పోర్టులోకి పోనివ్వకండి. అక్కడ ఒక్కసారి కూడా తెగకుండా, ఇంట్లో మాత్రమే తెగుతూ ఉంటే లోపం పరికరానిది కాదు, ట్యాబ్‌ది కాదు.

అలాంటప్పుడు చేయవలసిన మొదటి పని, ట్యాబ్‌ను వైఫైలో 5 గిగాహెర్ట్జ్ పట్టీకి మార్చడం. రెండు పట్టీలూ ఉన్న రౌటర్లు రెండు పేర్లు చూపిస్తాయి, లేదా రెండింటికీ ఒకే పేరు పెట్టుకుని ఉంటాయి. ఒకే పేరుతో ఉంటే రౌటర్ సెట్టింగ్స్‌లో రెండింటినీ విడదీసి, ట్యాబ్‌ను 5 గిగాహెర్ట్జ్ పేరుకు మాత్రమే కలపండి. ఫోను హాట్‌స్పాట్‌తో చదువుకునేవారు ఆ ఫోనులో హాట్‌స్పాట్ పట్టీని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చుకోవాలి. ఐఫోన్ 12, ఆ తర్వాతి మోడళ్లలో అయితే పర్సనల్ హాట్‌స్పాట్ పేజీలో మ్యాగ్జిమైజ్ కంపాటబిలిటీ అనే స్విచ్‌ను ఆపి ఉంచాలి. ఫోనును ట్యాబ్‌కు ఆనించి పెట్టకుండా బల్ల మీద ఒక మూరెడు దూరంగా జరపడం కూడా పనికొస్తుంది.

ట్యాబ్‌కు యూఎస్‌బీ హబ్, పెన్‌డ్రైవ్, బయటి హార్డ్‌డిస్క్ తగిలించి ఉంటే వాటిని తీసి చూడండి. యూఎస్‌బీ 3 పరికరాలు, సరిగా కవచం లేని కేబుళ్లు 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోకి రేడియో రొదను వదులుతాయని 2012లో ఇంటెల్ ఒక సాంకేతిక పత్రంలోనే వివరించింది. హార్డ్‌డిస్క్ తగిలించగానే మౌస్ నత్తనడక నడవడానికి కారణం ఇదే అయి ఉండవచ్చు. హబ్‌ను చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో ట్యాబ్ నుంచి దూరంగా పెడితే సరిపోతుంది. స్టీల్ బీరువా పక్కన, లోహపు బల్ల మీద కూర్చుని పనిచేసేవారు చోటు మార్చి చూడాలి. నీరు ఈ తరంగాలను మింగేస్తుంది, మన శరీరంలో ఎక్కువ భాగం నీరే. అందువల్ల ట్యాబ్‌ను వీపు సంచిలో పెట్టుకుని నడుస్తుంటే ఇయర్‌బడ్స్ తడబడటంలో వింత లేదు. విశాఖ గాలిలో ఉన్న తేమ మాత్రం బల్ల మీది ఆ కాస్త దూరంలో సంకేతాన్ని ఏమీ చేయదు.

కనెక్టెడ్ అని ఉన్నా పని చేయకపోతే

ఆండ్రాయిడ్‌లో పరికరం వివరాల పేజీలో మీడియా ఆడియో, ఫోన్ కాల్స్ అనే రెండు స్విచ్‌లు ఉంటాయి. మీడియా ఆడియో ఆపి ఉంటే, కనెక్టెడ్ అని ఉంటూనే పాట ట్యాబ్ స్పీకర్‌లో మోగుతుంది.

ఆన్‌లైన్ క్లాసు మొదలవగానే శబ్దం బావిలోంచి మాట్లాడుతున్నట్టు మారిపోతోందని చెప్పేవారు చాలామంది. ఇందులో లోపమేమీ లేదు. పాట వినేటప్పుడు సాధారణ బ్లూటూత్ ఒక పద్ధతిలో పనిచేస్తుంది, మైకు కూడా కావలసి వస్తే కాల్ పద్ధతికి మారుతుంది. ఆ కాల్ పద్ధతిలో శబ్దాన్ని సెకనుకు 8 వేలు లేదా 16 వేల నమూనాలకు కుదించి పంపుతారు, సంగీతానికి వాడేది 44 వేలకు పైనే. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో ఇయర్‌బడ్స్‌కు ఫోన్ కాల్స్ స్విచ్‌ను ఆపితే ట్యాబ్ సొంత మైకు పనిచేస్తుంది, చెవిలో శబ్దం మళ్లీ నాణ్యంగా వస్తుంది. గది నిశ్శబ్దంగా ఉండి, వినడమే ఎక్కువగా ఉండే విద్యార్థులకు ఇది సరైన ఏర్పాటు. క్లాసు చెప్పేవారు మాత్రం మైకున్న వైరు ఇయర్‌ఫోన్స్ కొనుక్కోవడమే నయమని నా అభిప్రాయం.

దీనికి తిరగబడ్డ సమస్య ఒకటి కీబోర్డుతో వస్తుంది. ట్యాబ్‌లో టైపు చేద్దామని స్క్రీన్ తాకితే అక్షరాల పలక పైకి రాదు. సంచిలో ఉన్న బ్లూటూత్ కీబోర్డు ఆన్‌లోనే ఉండి కనెక్ట్ అయి ఉందని, అందుకే ట్యాబ్ ఆ పలకను దాచేసిందని తట్టక ట్యాబ్ పాడైందనుకుంటారు. కీబోర్డును ఆఫ్ చేస్తే పలక వచ్చేస్తుంది. రెండూ కావాలనుకునేవారు ఆండ్రాయిడ్‌లో ఫిజికల్ కీబోర్డు సెట్టింగ్స్‌లో స్క్రీన్ కీబోర్డును కూడా చూపించమనే స్విచ్ వేసుకోవచ్చు. ఐప్యాడ్‌లో తెలుగు, ఇంగ్లిష్ మధ్య మారాలంటే బయటి కీబోర్డు మీద కంట్రోల్, స్పేస్ మీటలు కలిపి నొక్కాలి. భూగోళం గుర్తున్న మీట ఉంటే అది నొక్కినా చాలు.

స్టైలస్ విషయం

ఆపిల్ పెన్సిల్ మొదటి తరానిది ఐప్యాడ్‌కు గుచ్చితే జత అవుతుంది, రెండవ తరానిది, పెన్సిల్ ప్రో ఐప్యాడ్ పక్క అంచుకు అయస్కాంతంతో అంటుకుని జత అవుతాయి, యూఎస్‌బీ-సి రకాన్ని కేబుల్‌తో కలపాలి. ఏ పెన్సిల్ ఏ ఐప్యాడ్‌కు పనిచేస్తుందో ముందే చూసుకోవాలి, సరిపడని జతను ఏ సెట్టింగూ కలపలేదు. అంటుకునే రకమైతే మందపాటి కవర్ అడ్డం వస్తోందేమో తీసి చూడండి. గీత మధ్యలో తెగుతూ ఉంటే కొనను కుడివైపుకు తిప్పి బిగించండి, వదులుగా ఉన్న కొన వల్ల వచ్చే ఇబ్బంది బ్లూటూత్ ఇబ్బందిలాగే కనిపిస్తుంది. శాంసంగ్ ఎస్ పెన్ రాయడానికి బ్లూటూత్ అక్కర్లేదు, ఛార్జీ అక్కర్లేదు. బ్లూటూత్ ఉన్న రకాలలో అది దూరం నుంచి ఫోటో తీయడం వంటి పనులకు మాత్రమే. కాబట్టి ఎస్ పెన్ గీయడమే మానేస్తే బ్లూటూత్ పేజీలో వెతకడం వృథా, కొననూ స్క్రీన్‌నూ చూడాలి.

ఇంకా కుదరకపోతే

ఇక్కడికి వచ్చారంటే దోషి ఎవరో తేల్చే సమయం వచ్చింది. మొండికేసిన పరికరాన్ని ఇంట్లో మరొక ఫోనుకు కలిపి చూడండి, మరొక బ్లూటూత్ పరికరాన్ని మీ ట్యాబ్‌కు కలిపి చూడండి. పరికరం ఎక్కడా కలవకపోతే అది పాడైంది. ట్యాబ్ దేనితోనూ కలవకపోతే ట్యాబ్‌లో లోపం ఉంది. రెండూ ఇతరులతో బాగానే ఉండి ఒకదానితో ఒకటి మాత్రమే కలవకపోతే, రెండింటి సాఫ్ట్‌వేర్‌నూ అప్‌డేట్ చేయండి. ఇయర్‌బడ్స్, కీబోర్డులకు కూడా వాటి కంపెనీ యాప్ ద్వారా అప్‌డేట్లు వస్తుంటాయి.

ట్యాబ్‌దే లోపమని తేలితే నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేయండి. ఆండ్రాయిడ్‌లో సిస్టమ్, రీసెట్ ఆప్షన్స్‌లో బ్లూటూత్, వైఫై రీసెట్ అని ఉంటుంది. శాంసంగ్‌లో జనరల్ మేనేజ్‌మెంట్‌లో రీసెట్ కింద ఉంటుంది. ఐప్యాడ్‌లో జనరల్, ట్రాన్స్‌ఫర్ ఆర్ రీసెట్ ఐప్యాడ్, రీసెట్ వరుసలో వెళ్లాలి. ఫోటోలు, ఫైళ్లు, యాప్‌లు ఎక్కడికీ పోవు కానీ, దాచుకున్న వైఫై పాస్‌వర్డులు పోతాయి కనుక ఇంటి రౌటర్‌ది, రీడింగ్ హాల్‌ది ముందే ఒక కాగితం మీద రాసుకోండి. ఫ్యాక్టరీ రీసెట్ జోలికి మాత్రం బ్యాకప్ తీసుకోకుండా వెళ్లవద్దు. పై రీసెట్‌తో బాగుపడని బ్లూటూత్ ఫ్యాక్టరీ రీసెట్‌తో బాగుపడే అవకాశం తక్కువ, అప్పటికి లోపం చాలావరకు హార్డ్‌వేర్‌దే అయి ఉంటుంది.

సర్వీస్ సెంటర్‌కు వెళ్లేటప్పుడు బిల్లుతో పాటు, ఏ పరికరాలతో కలుస్తోందో, వేటితో కలవడం లేదో, ఎంతసేపటికి తెగిపోతోందో రాసి తీసుకెళ్లండి. కనెక్ట్ కావడం లేదని మాత్రమే చెబితే వారు మొదట చేసేది ఫ్యాక్టరీ రీసెట్టే. కొత్త కీబోర్డో, ఇయర్‌బడ్సో కొనక తప్పదనుకుని జగదాంబ వైపు వెళ్తే ట్యాబ్‌ను వెంట తీసుకెళ్లండి. కౌంటర్ దగ్గరే జత చేయించి, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేసినప్పుడు తనంతట తానే తిరిగి కనెక్ట్ అవుతోందో లేదో చూసి, బిల్లు మీద మోడల్ నంబరు రాయించుకున్న తర్వాతే డబ్బు చెల్లించండి.